చింతతోపులో నూనె రంగులు

కుప్పం, పుంగనూరు, మదనపల్లె వైపు కొత్తగా నూనె రంగులు పట్టుకున్నవాళ్ళ ఇళ్ళకు వెళితే గోడ మీద మొదటి బొమ్మ చాలాచోట్ల ఒకటే కనిపిస్తుంది. మంచు కప్పిన కొండ, దాని కింద నీలం సరస్సు, ఒడ్డున దేవదారు చెట్లు, ఓ పక్కగా చెక్క ఇల్లు. ఫోనులో చూసి నేర్చుకునే పాఠాలు ఎక్కువగా చలిదేశాల వాళ్ళు చేసినవి కాబట్టి బొమ్మ కూడా అక్కడిదే వస్తోంది. చెయ్యి తిరగడానికి ఏ బొమ్మయినా మంచిదే, దాన్ని తప్పుపట్టను. అయితే ఆ పాఠాలతోపాటు మనకు తెలియకుండా ఆ దేశాల వెలుతురు కూడా మన చేతికి అలవాటైపోతుంది. నీడంటే నీలం, ఎండంటే పసుపు, దూరమంటే పొగమంచు అనే లెక్క కుదురుకుంటుంది. ఆ లెక్కతో మన ఊరి చింతతోపు వెయ్యడానికి కూర్చుంటే చెట్టు రంగుతెర మీద అతికించినట్టు ఉంటుంది. ఎండ కనిపించదు, కింద చల్లదనమూ కనిపించదు. అప్పుడు చాలామంది తమకు చెయ్యి రాదనుకుని మళ్ళీ మంచుకొండ దగ్గరికే వెళ్ళిపోతారు.

ఆ నిరాశ అక్కర్లేదు. మన ఎండలో వస్తువుల రంగు నీడపట్టున దొరుకుతుంది. ఎండపడిన చోట రంగు వెలిసిపోయి తెల్లబడుతుంది. కాబట్టి మన చెట్లు, మన బండలు, మన ఎర్రమట్టి వెయ్యాలనుకునేవాళ్ళు ముందుగా నీడను చదవడం నేర్చుకోవాలి. ఈ అధ్యాయం ఎక్కువగా దాని గురించే.

కుప్పం సుమారు 12.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఏప్రిల్ నాలుగో వారంలో ఒకసారి, ఆగస్టు మూడో వారంలో ఇంకొకసారి సూర్యుడు మధ్యాహ్నం పన్నెండుంపావు వేళకు సరిగ్గా నడినెత్తిన నిలుస్తాడు. నిలువుగా పాతిన కర్రకు ఆ నిమిషంలో నీడే ఉండదు. చలికాలం సంగతి చూడండి. డిసెంబరు చివర మధ్యాహ్నం కుప్పంలో సూర్యుడు దాదాపు 54 డిగ్రీల ఎత్తున ఉంటాడు. లండన్‌లో నడివేసవి మధ్యాహ్నం ఉండే ఎత్తు 62 డిగ్రీలు. అంటే మన నడి చలికాలపు మధ్యాహ్నం వాళ్ళ నడివేసవి మధ్యాహ్నం కంటే కాస్తే వాలు. బయట కూర్చుని బొమ్మ వేయడం నేర్చుకోవడానికి డిసెంబరు, జనవరి నెలలు మనకు ఎందుకు మంచివో దీంతో తెలుస్తుంది. ఆ రెండు నెలల్లో నీడకు ఆకారం ఉంటుంది, మధ్యాహ్నం దాకా కూర్చునే ఓపికా ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో అయితే పొద్దున ఎనిమిదిన్నర లోపు, సాయంత్రం నాలుగున్నర తరువాత మాత్రమే బయట పని పెట్టుకోండి. ఇంకో చిక్కు కూడా ఉంది. మన దగ్గర సూర్యుడు దాదాపు నిటారుగా పైకెక్కి, నిటారుగా దిగిపోతాడు. బంగారంలాంటి వెలుతురు ఉండేది కాసేపే, ముప్పావు గంట దాటితే అది వేరే బొమ్మ.

ఈ విషయంలో ఇద్దరు బయటివాళ్ళను తలుచుకోవాలి. ఇద్దరూ చిత్రకళా పాఠశాలలో చదువుకోనివాళ్ళే.

మొదటి ఆయన హెన్రీ రూసో. పారిస్‌లో ఊళ్ళోకి వచ్చే సరుకు మీద సుంకం వసూలు చేసే ఉద్యోగి, 1893లో ఆ కొలువు వదిలేశాడు. పులులు, పెద్ద పెద్ద ఆకులు నిండిన అడవులను నూనె రంగుల్లో వేసి ప్రపంచమంతా పేరు తెచ్చుకున్నాడు. ఆ అడవుల్లో మొదటిది 1891లో వేసిన తుఫాను పులి, ఇప్పుడది లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. విచిత్రమేమంటే ఆయన ఫ్రాన్స్ దాటి ఎక్కడికీ పోలేదు. పారిస్ వృక్షోద్యానంలో గాజు ఇళ్ళ లోపల పెంచిన మొక్కలను చూసి ఆ అడవులను కట్టాడు. ఆ బొమ్మలంటే నాకు చాలా ఇష్టం. ఆకు మీద ఆకు, పచ్చ మీద పచ్చ పేర్చిన ఓపికకు దణ్ణం పెట్టాలి. కానీ గమనించి చూడండి, ఆ అడవుల్లో ఎండ పడదు. ప్రతి ఆకూ ఒకే వెలుతురులో నిలబడి ఉంటుంది. గాజు ఇంట్లోంచి తేలేనిది అదొక్కటే, మన పెరట్లో ఉచితంగా దొరికేదీ అదే.

రెండో ఆమె మేరియాన్ నార్త్, 1830లో పుట్టిన ఆంగ్ల మహిళ. ముప్పై దాటాక, టాస్మేనియాలో పెరిగిన రాబర్ట్ డౌలింగ్ అనే చిత్రకారుడి దగ్గర నూనె రంగులు నేర్చుకుంది. తండ్రి పోయాక ఒంటరిగా ప్రయాణాలు మొదలుపెట్టింది. జమైకా, బ్రెజిల్, బోర్నియో, సింహళం తిరిగి, 1877 నుంచి 1879 వరకు మన దేశమంతా తిరిగింది. ఆ రోజుల్లో మొక్కల బొమ్మలంటే తెల్లకాగితం మీద నీటి రంగుల్లో ఒక కొమ్మ, ఒక పువ్వు. ఆమె ఆ పద్ధతిని పక్కనపెట్టి మొక్కను అది పెరిగిన చోటే, వెనక కొండ, పక్కన పురుగు, పైన ఆకాశంతో సహా నూనె రంగుల్లో వేసింది. వేగంగా వేసేది, చిన్న కొలతల్లో వేసేది. లండన్ దగ్గర క్యూ ఉద్యానంలో 1882లో తెరిచిన ఆమె గ్యాలరీలో 800కు పైగా బొమ్మలు గోడలు కనపడకుండా నిండి ఉన్నాయి. కొత్తవాళ్ళు ఆమె నుంచి తీసుకోవలసినవి రెండు, చిన్న కొలత, చాలా బొమ్మలు. ఎనిమిది అంగుళాలకు పది అంగుళాల అట్ట మీద ఒక పొద్దులో ఒక బొమ్మ ముగించండి. గోడంత క్యాన్వాసు కొని నెలల తరబడి దాన్ని చూసి భయపడటంలో నేర్చుకునేదేమీ లేదు.

ఇప్పుడు పనిలోకి వద్దాం.

మొదటి పాఠం చెట్టు కాదు, బండ. మన సీమలో బండలకు కొదవ లేదు. కుప్పం చుట్టూ గుట్టలన్నీ రాతి గుట్టలే, గ్రానైటు క్వారీలతో ఊరికి పేరు. బండకు ఆకులుండవు, గాలికి ఊగదు, రేపు వెళ్ళినా అక్కడే ఉంటుంది. పొద్దున ఏడు గంటలకు ఒక బండ ముందు కూర్చోండి. కళ్ళు సగం మూయండి. వివరాలన్నీ పోయి రెండే ముక్కలు మిగులుతాయి, వెలుతురు ముక్క, నీడ ముక్క. బర్న్ట్ అంబర్ రంగును టర్పెంటైన్‌తో టీ నీళ్ళంత పలచన చేసి, ఆ నీడ ముక్క ఆకారాన్ని మాత్రం గబగబా నింపండి. బండ మీది నీడ, నేల మీద పడిన నీడ రెండూ కలిసి ఒకే ఆకారంగా రావాలి. ఇది అయిదు నిమిషాల పని. ఆ తరువాత సూర్యుడు ఎటు జరిగినా మీరు ఆ గీతను మార్చకండి. కొత్తవాళ్ళ బొమ్మల్లో ఎండ పోవడానికి నేను చూసినంతలో పెద్ద కారణం ఇదే. జరిగిపోయే నీడల వెంట పడి, ఏడు గంటల వెలుతురు మీద తొమ్మిది గంటల నీడ అతికిస్తారు.

తరువాత ఆ బండ నీడకు రంగు కలపండి. నలుపు ట్యూబు అసలు తెరవొద్దు. అల్ట్రామెరీన్ నీలం, బర్న్ట్ సియెన్నా సమంగా కలిపితే నలుపుకు దగ్గరి ముదురు రంగు వస్తుంది. నీలం కాస్త పెంచితే చల్లని బూడిద, సియెన్నా పెంచితే వెచ్చని బూడిద. తెలుపు కలిపే కొద్దీ ఆ తేడా ఇంకా బాగా బయటపడుతుంది. ఇప్పుడు ఒక తెల్లకాగితం తీసుకుని నీడలోకి వెళ్ళండి. కాగితాన్ని ఆకాశం వైపు తిప్పితే లేత నీలంగా, ఎర్రమట్టి నేల వైపు వంచితే లేత కావిరంగుగా కనిపిస్తుంది. కాగితం మారలేదు, నీడా మారలేదు, దాని మీద పడే వెలుతురు వేరు. మన నీడల గుట్టంతా ఇక్కడే ఉంది. చలిదేశపు పాఠంలో నీడ అంతా చల్లన. మన ఎర్రనేల ఎండను కింది నుంచి పైకి తిప్పికొడుతుంది కాబట్టి నీడలో నేలవైపు తిరిగిన భాగాలు వెచ్చగా ఉంటాయి, ఆకాశం వైపు తిరిగినవి మాత్రమే చల్లగా ఉంటాయి. మీ బండ కింది అంచున ఆ వెచ్చదనం ఒక్క కుంచె వేటుగా పెట్టి చూడండి, బండ నేల మీద కూర్చుంటుంది.

ఇదే పాఠాన్ని పుంగనూరు ఆవు ఇంకా అందంగా నేర్పుతుంది. ఈ జాతి ఆవు ఎత్తు సుమారు మూడు అడుగులే. పొట్ట నేలకు దగ్గరగా ఉంటుంది. తెల్లటి ఆవు దొరికితే ఎండలో కట్టేసి ఉన్నప్పుడు పక్కనుంచి చూడండి. వీపు మీద తెలుపు కళ్ళు చెదిరేలా ఉంటుంది, నీడలో ఉన్న పక్క మీద ఆకాశపు నీలం, పొట్ట కింద ఎర్రమట్టి నుంచి వచ్చిన పసిమి. ఒకే తెల్లటి ఒంటి మీద మూడు రంగులు. అది కదులుతుంది కాబట్టి మొత్తం ఆవును వేయడానికి తొందరపడకండి. ఆ పొట్ట, ఆ పక్క, ఆ వీపు మూడు రంగులు పక్కపక్కన పెట్టుకుని ఇంటికొస్తే చాలు, ఆ పొద్దు దండగ కాలేదు.

రంగులు సరిగ్గా పోల్చుకోవడానికి ఒక చిన్న సాధనం చేసుకోండి. బూడిదరంగు అట్ట ముక్కలో చిటికెనవేలు పట్టేంత కన్నం. ఆ కన్నంలోంచి నీడను చూస్తే చుట్టుపక్కల రంగులు అడ్డురావు, అసలు రంగు ఎంత వెచ్చనో ఎంత చల్లనో కనిపిస్తుంది. చింతచెట్టు కింద ముదురు ఆకుపచ్చ అనుకున్నది ఊదాకు దగ్గరగా తేలుతుంది. చాలామంది మొదటిసారి నమ్మరు.

ఇక చెట్టు. చింతచెట్టును ఎంచుకోవడానికి కారణం ఉంది. దాని ఆకు చిన్నది, ఒక్కో ఈనెకు అటూ ఇటూ చిన్న చిన్న ఆకులు. వాటిని విడివిడిగా వేయాలన్న ఆలోచనే రాదు, కాబట్టి చెట్టును ఒక ముద్దగా చూడటం అలవాటవుతుంది. ముద్దకు వెలుతురు వైపు, నీడ వైపు. మధ్యలో అక్కడక్కడా ఆకాశం తొంగిచూసే కన్నాలు. ఆ కన్నాల్లో ఆకాశం రంగును బయటి ఆకాశం కంటే కాస్త ముదురుగా పెట్టాలి, ఎందుకంటే చుట్టూ ఉన్న ఆకుల అంచులు దాన్ని కొంత కమ్మేస్తాయి. చెట్టు మారే తీరు కూడా ఏడాదంతా కొత్త పాఠాలు చెబుతుంది. వేసవి మొదట్లో లేత చిగురు పసుపుగా, కొంచెం ఎరుపు జీర తిరిగి ఉంటుంది. వానలు పడ్డాక ముదురు పచ్చ. చలికాలం చివర కాయలు దులిపే నాటికి ముద్ద పలచబడి, కొమ్మల ఎముకలు బయటపడతాయి. ఒకే చింతతోపును ఏడాది పొడుగునా వెయ్యడం కంటే మంచి చిత్రకళా పాఠశాల ఈ ప్రాంతంలో మీకు దొరకదని నా గట్టి నమ్మకం.

ఆకుపచ్చ గురించి మాత్రం కొంచెం ఆగాలి. ట్యూబులోంచి వచ్చే ఆకుపచ్చను నేరుగా వాడకండి. మన చెట్ల పచ్చలో ఎప్పుడూ ఎరుపు ఉంటుంది, దుమ్ము ఉంటుంది. అల్ట్రామెరీన్‌లో యెల్లో ఓకర్ కలిపితే చింతముద్దకు సరిపడే మాసిన పచ్చ. అదే నీలంలో లెమన్ యెల్లో కలిపితే వరిమడి పచ్చ, అందులో బర్న్ట్ సియెన్నా చిటికెడు వేస్తే వేపచెట్టు నీడ. మామిడి ముదురాకు పైభాగం నున్నగా మెరుస్తుంది, అక్కడ కనిపించేది ఆకు రంగు కాదు, ఆకాశం. తెలుపులో ఒక్క నీలపు చుక్క వేసి అక్కడ పెట్టండి. అరటాకు వెనక సూర్యుడుంటే వెలుతురు ఆకులోంచి దూసుకొస్తుంది, అప్పుడది దాదాపు పసుపు. మామిడి కొత్త చిగురు రాగిరంగు, దానికి అలిజరిన్ క్రిమ్సన్, ఓకర్. ఈ లెక్కన తెలుపు, రెండు పసుపులు, ఒక ఎరుపు, ఒక నీలం, రెండు మట్టిరంగులు, మొత్తం ఏడు ట్యూబులు చాలు. మదనపల్లె టమోటా గంపలు వెయ్యాలనుకునే రోజున మాత్రం ఒక కాడ్మియం రెడ్ అదనంగా కొనుక్కోండి. టమోటా నీడ వైపు అలిజరిన్‌లో ఒక్క చుక్క పచ్చ కలపాలి, నలుపు కలిపితే కుళ్ళిన టమోటా అవుతుంది.

దూరపు కొండలకు మదనపల్లె వాళ్ళు అదృష్టవంతులు. ఏనుగు మల్లమ్మ కొండ అని ఊరివాళ్ళు పిలుచుకునే హార్స్‌లీ హిల్స్ సుమారు 1,265 మీటర్ల ఎత్తున ఉంది. ఏప్రిల్‌లో దుమ్ము కమ్మినప్పుడు ఆ కొండ వరుస పాలలో ఊదా కలిపినట్టుంటుంది, అక్టోబరు వాన కడిగిన మరుసటి పొద్దున ముదురు నీలంగా గీత గీసినట్టుంటుంది. రెండు కాలాల్లో ఒకే చోట నిలబడి రెండు చిన్న బొమ్మలు వేసి పక్కపక్కన పెట్టండి.

ఇప్పుడు నూనె సంగతి. ఇది తెలియక చెడిన బొమ్మలు చాలా ఉన్నాయి. నూనె రంగులో ఉండేది అవిసె నూనె. అది నీళ్ళలాగా ఆవిరై ఆరదు. గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుంది, అందుకు రోజులు పడుతుంది. మన సీమలో ప్రతి ఇంట్లో ఉండే వేరుశనగ నూనెకు ఆ గుణం లేదు, ఎన్నాళ్ళున్నా జిడ్డుగానే ఉంటుంది. కొబ్బరి నూనె కూడా అంతే. కాబట్టి ఇంటి నూనెను రంగులో కలపకండి. కానీ కుంచెలు కడగడానికి మాత్రం వేరుశనగ నూనె బాగా పనికొస్తుంది. ముందు గుడ్డతో తుడిచి, ఆ నూనెలో కుంచె ఆడించి, మళ్ళీ తుడిచి, బట్టల సబ్బుతో నురగ తెల్లగా వచ్చేదాకా కడగండి. టర్పెంటైన్ ఘాటు ఇంట్లో పిల్లలకు, ముసలివాళ్ళకు పడదు కాబట్టి ఈ పద్ధతి మేలు. టర్పెంటైన్ వాడిన రోజు వసారాలోనో దొడ్లోనో కూర్చోండి.

కింది పొర పలచన, పై పొర జిడ్డు. మొదటి పొరలో టర్పెంటైన్ ఎక్కువ, మీది పొరల్లో నూనె ఎక్కువ ఉండాలి. తిరగేస్తే పై పొర ముందే ఆరి బిగుసుకుంటుంది, కింద ఇంకా కదులుతూ ఉంటుంది, చివరికి తడిగోడ మీద కొట్టిన సున్నంలా పగిలి పెచ్చులూడుతుంది. మట్టిరంగుల్లో అంబర్ తొందరగా ఆరుతుంది, అలిజరిన్ చాలా నిదానం. అందుకే మొదటి నీడ ఆకారానికి అంబర్ అన్నాను. గుడ్డ మీద గానీ అట్ట మీద గానీ జెస్సో అనే తెల్లటి అడుగుపూత లేకుండా నూనె రంగు వెయ్యకూడదు, నూనె తగిలిన నూలు కొన్నేళ్ళలో పెళుసెక్కిపోతుంది.

ఇంకొక మాట, ఇది తేలిగ్గా తీసుకోవద్దు. అవిసె నూనె అంటిన గుడ్డలను ముద్దగా చుట్టి మూల పడేస్తే అవి ఆరే కొద్దీ వేడెక్కి, నిప్పు తగలకుండానే వాటంతట అవే అంటుకోగలవు. మన మే నెల వేడిలో ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. గుడ్డలను నీళ్ళలో తడిపి, విడివిడిగా పరిచి ఆరేసి, ఆపైన పారెయ్యండి. లేదా మూత ఉన్న రేకు డబ్బాలో నీళ్ళు పోసి అందులో వేయండి. రంగు చేతులతో అన్నం తినకండి, కాడ్మియం రంగులు ఒంట్లోకి పోకూడదు.

నూనె నిదానంగా ఆరడం ఇల్లు, ఉద్యోగం చూసుకునేవాళ్ళకు పెద్ద వరం. పొద్దున సంగటి పొయ్యి మీద పెట్టేముందు అరగంట, సాయంత్రం బస్సు దిగాక అరగంట అయినా సరే, రంగు ఇంకా తడిగానే ఉంటుంది. మిగిలిన రంగు ముద్దలను పళ్ళెంలో నీళ్ళు పోసి ముంచి ఉంచితే మర్నాటికి కూడా పనికొస్తాయి, గాలి తగలదు కాబట్టి. నీటి రంగు కాగితం మీద అంతసేపు తడిగా ఉండదు.

వయసు గురించి అడిగేవాళ్ళకు మదనపల్లె ఒక జవాబు ఇస్తుంది. 1919 ఫిబ్రవరిలో టాగూరు మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలకు వచ్చి, అక్కడే జనగణమనను ఇంగ్లీషులోకి అనువదించాడని అందరికీ తెలుసు. అప్పటికి ఆయన యాభై ఏడేళ్ళవాడు. ఆయన బొమ్మల వైపు గట్టిగా తిరిగింది ఆ తరువాత, అరవై దాటాక. మొదటి ప్రదర్శన 1930లో పారిస్‌లో, అప్పుడాయనకు దాదాపు అరవై తొమ్మిది. ఆయనను మదనపల్లెకు పిలిచిన కళాశాల ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ కూడా చిత్రకళ మీద ప్రాణం పెట్టిన మనిషి. మైసూరు జగన్మోహన ప్యాలెస్‌లో చిత్రశాల ఏర్పడటంలో, 1935లో తిరువనంతపురంలో శ్రీ చిత్ర గ్యాలరీ తెరవడంలో ఆయన చెయ్యి ఉంది.

ఆ మైసూరు గ్యాలరీ మీకు అవసరం. అక్కడ రవివర్మ మూలచిత్రాలున్నాయి. రవివర్మ కూడా నూనె రంగులు చూసి నేర్చుకున్నవాడే. 1868లో తిరువాన్కూరు ఆస్థానానికి థియొడోర్ జెన్సన్ అనే ఐరోపా చిత్రకారుడు వచ్చి రాజకుటుంబం బొమ్మలు వేస్తుంటే, ఇరవై ఏళ్ళ రవివర్మ పక్కన నిలబడి చూశాడు. జెన్సన్ కూర్చోబెట్టి పాఠం చెప్పలేదు. ఫోను తెర మీద రంగు మందం తెలియదు, కుంచె ఎటు నుంచి ఎటు నడిచిందో తెలియదు. అసలు బొమ్మ ముందు నిలబడి, పక్క నుంచి వెలుతురు పడేలా ఒరిగి చూస్తే అన్నీ కనిపిస్తాయి. నీడలు పలచగా వేసి, వెలుతురు చోట్ల రంగు దిట్టంగా పెట్టడం పాత నూనె బొమ్మల్లో ఎన్నో చోట్ల చూడవచ్చు. కుప్పం బెంగుళూరు, చెన్నై రైలు మార్గం మీద ఉంది. బెంగుళూరు చిత్రకళా పరిషత్తులో రోరిక్ తండ్రీకొడుకుల బొమ్మలు చూడండి, జనవరిలో ఆ వీధంతా నిండే చిత్రసంతెకు కూడా ఒకసారి వెళ్ళండి. పెద్ద పేర్లు లేనివాళ్ళు తమ పక్క ఊరి చెరువులను, సంతలను వేసి అమ్ముకుంటూ కనిపిస్తారు, వాళ్ళతో మాట్లాడండి. కోస్తా వైపు వెళ్ళే పని పడితే రాజమండ్రిలో దామెర్ల రామారావు గ్యాలరీ వదలకండి. ఎక్కడికైనా బయలుదేరేముందు ఆ రోజు తెరిచి ఉంటుందో లేదో కనుక్కోండి.

వానాకాలంలో ఆరని బొమ్మలను గోడకు ఆనించి పెట్టకండి, వెనక బూజు పడుతుంది. గాలి ఆడేలా మేకుకు వేలాడదీయండి. చీకటి బీరువాలో పెడితే అవిసె నూనె పసుపెక్కుతుంది, మళ్ళీ వెలుతురున్న గదిలో కొన్నాళ్ళు ఉంచితే ఆ పసుపు చాలావరకు తగ్గుతుంది. వార్నిష్ పూయడానికి తొందర లేదు, ఆరు నెలలు, పొర దిట్టంగా ఉంటే ఏడాది ఆగండి. ప్రతి బొమ్మ వెనక పెన్సిలుతో తేదీ, గంట, మీరు ఏ దిక్కుకు తిరిగి కూర్చున్నారో రాయండి. వచ్చే ఏడాది అదే తేదీకి, అదే గంటకు, అదే చెట్టు ముందు కూర్చున్నప్పుడు పోల్చుకోవడానికి అది కావాలి.